నలభై ఒకటో నంబరు

పావుగంట పుట్టి బుద్ధెరిగాక ఒక చోటికి గంట ముందు రావడం ఇదే మొదలు, తీరా ఆ వింత చూడ్డానికి క్లాసులో నరమానవుడు లేడు. రోజూ పావుగంట ఆలస్యంగా వస్తాడని కాలేజీలో తోటివాళ్ళు పెట్టిన పేరది, అది ఎంత గట్టిగా అతుక్కుందంటే అమ్మానాన్నా పెట్టిన పేరు ఉద్యోగంలో చేరి బల్ల మీద పేరు పలక పెట్టించుకున్నాక గానీ అతని నోటికే అలవాటు కాలేదు. ఇవాళ మాత్రం తొమ్మిది కొట్టకముందే వచ్చాడు, భార్యను చెయ్యి పట్టుకుని రెండంతస్తుల మెట్లెక్కించాడు, కిటికీ వైపు మూడో బెంచీలో గోడ పక్కకి ఆమెను కూర్చోబెట్టి బయటివైపు తను కూర్చున్నాడు, ఎవరు ఆమె దగ్గరికి రావాలన్నా ముందు తనని దాటాలి కదా, అదీ ఆయనగారి ఎత్తు. ఇంక గంట. పదింటికి సర్వే పాఠాలు చెప్పిన సారు వస్తారు, ఎనభై ఆరేళ్ళ మనిషి, ఎక్కడో బీరువాలో దొరికిన ఆ పాత హాజరుపట్టీ తెరుస్తారు, నంబర్లు పిలుస్తారు, ఒక్కొక్కరూ ప్రెజెంట్ సార్ అనాలి, రెండు రోజుల ఈ పాత క్లాసువాళ్ళ కలయికకి అదే ప్రారంభమట, ఉపన్యాసాలూ సన్మానాలూ వద్దు హాజరు చాలు అని తీర్మానించేశారు. ముప్పయ్యేడు అని పిలిచినప్పుడు పక్కనున్న ఈ మనిషి రెండు మాటలు, రెండంటే రెండు మాటలు అంటే గండం గడిచినట్టే. అంటుందా? అంటుంది, ఎందుకనదు, పొద్దున హోటలు గదిలో రెండుసార్లు అంది, మూడోసారి పిలిస్తే "ఎన్నిసార్లు పిలుస్తారు సార్" అని కసురుకుంది కూడా, ఆ కసురు విని అతనికి ప్రాణం లేచొచ్చింది.

ఆమె భుజం దగ్గర పిన్నుతో గుచ్చిన అట్టముక్క మీద పెద్ద అక్షరాల్లో 37 అనీ, కింద బొంగరం అనీ ఉంది. బెంచీ అంచుని బొటనవేలితో రాస్తూ కూర్చుంది, ఆ అంచులో ఎవరో కంపాసు ములుకుతో చెక్కిన గీతలున్నాయి, వాటి మీద రంగుల మీద రంగులు పూశారు గానీ గీతలు పోలేదు. ఫ్యాన్లు కొత్తవి. నల్లబల్ల స్థానంలో తెల్లబల్ల వచ్చింది. కిటికీలోంచి చూస్తే మాత్రం అదే నీళ్ళ ట్యాంకు, అదే ఇనప నిచ్చెన, అప్పట్లో ఆ ట్యాంకు ఎత్తు కొలవమంటే పది జట్లు పది ఎత్తులు చెప్పాయి, సారు అన్నీ విని "ట్యాంకు మాత్రం ఒక్కటేనయ్యా" అన్నారు. ఆమెకది చెబుదామని ఇటు తిరిగితే ఆమె కిటికీ వైపు చూడ్డంలేదు, గుమ్మం వైపు చూస్తోంది. వచ్చి కూర్చున్న దగ్గర్నుంచీ గుమ్మం వైపే.

"వాడింకా రాలేదు" అంది.

"సారుని వాడు అంటారా ఎక్కడన్నా? వస్తారు, పదింటికి" అన్నాడతను. ఆమె సరేనన్నట్టు తలూపింది, చూపు మాత్రం గుమ్మం మీంచి తియ్యలేదు. పోనీలే, ఎటో ఒకటి చూడనీ, ఏడవకుండా ఉంటే అదే పదివేలు.

గొంతు మాత్రం అదే. మనిషిలో ఏది ఎటుపోయినా ఆ గొంతుకి ఏమీ కాలేదు. పుట్టుకతో బొంగురు, ఫోనెత్తి హలో అంటే అవతలివాళ్ళు "సార్, అమ్మగారున్నారా" అని అడిగేవాళ్ళు, ఆవిడ అంతకన్నా లావుగా "ఉన్నారు, చెప్పండి" అనేది. కాలేజీలో చేరిన మొదటివారంలోనే ఆ బొంగురు కాస్తా బొంగరం అయిపోయింది, పొట్టిగా, గుండ్రంగా, కాలు ఒకచోట నిలవకుండా తిరిగే పిల్లకి అంతకన్నా కుదిరే పేరు ఎవరు పెట్టగలరు గనక. ఇతను పక్క ఊరినుంచి ఏడూ నలభై బస్సులో వచ్చేవాడు, ఆ బస్సు దిగి రొప్పుకుంటూ పరిగెత్తుకొచ్చేసరికి తొమ్మిదీ పావు, తొమ్మిదింటికి సర్వే సారి క్లాసు. సారు తలెత్తి చూసే రకం కాదు. పట్టీలో తలదూర్చి నంబరు పిలవడం, గొంతు వినపడితే టిక్కు, వినపడకపోతే చుక్క. చుక్కంటే రాలేదని కాదు, ఇంకా రాలేదని. క్లాసు అయ్యేలోపు వచ్చి ముందు నిలబడితే ఆ చుక్కకి తోక గీసి టిక్కు చేసేవారు, రాకపోతే దాన్నే సున్నాగా చుట్టేసేవారు. ఇతను సారు ముందు నిలబడే ధైర్యం లేక చడీచప్పుడు లేకుండా వెనక బెంచీలో దూరేవాడు. నెల తిరిగేసరికి తన వరసంతా సున్నాలే ఉంటాయనుకుని పట్టీలోకి తొంగిచూస్తే అన్నీ టిక్కులు. ఎవడు పలికాడ్రా నాకు ప్రాక్సీ అని మగపిల్లల్ని వరసపెట్టి అడిగాడు, నేను కాదంటే నేను కాదన్నారు, దెయ్యం పలికిందేమోరా అన్నాడొకడు. ఓ రోజు బస్సు కాస్త ముందొచ్చింది. గుమ్మం దాకా వచ్చి లోపల నంబర్లు వినపడుతుంటే అక్కడే గోడకి ఆనుకుని నిలబడ్డాడు, నలభై అన్నారు, ఎవరో పలికారు, నలభై ఒకటి అన్నారు, ఆడపిల్లల బెంచీలోంచి, మగగొంతుతో, కొంచెం జలుబు చేసినట్టుగా, "ప్రెజెంట్ సార్" అని వచ్చింది. తను బయట ఉన్నాడు, తను లోపల ఉన్నాడని ఒకరు చెబుతున్నారు. ఆ రోజు ఇంక లోపలికి వెళ్ళలేదు, వెళితే ఏం బాగుంటుంది, ఒక నంబరుకి ఇద్దరు మనుషులా. మెట్ల మీద కూర్చుని గంటసేపు వెర్రివాడిలా నవ్వుకున్నాడు. అప్పుడే అయిపోయింది అతని పని, మిగతా పెళ్ళీ గిళ్ళీ అన్నీ ఆ తర్వాతి లాంఛనాలు.

తొమ్మిదీ పది. మెట్ల మీద ఎవరివో అడుగులు వినపడి బెంచీ అంచుకి జరిగి కూర్చున్నాడు, అవి పక్కగదిలోకి వెళ్ళిపోయాయి. ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. ఆ చెయ్యి వెచ్చగా ఉంది, బొటనవేలి మీద ఎండకి కమిలిన మచ్చ ముప్పయ్యేళ్ళ నాటిది, రోడ్ల శాఖలో ఎండనక వాననక నేల కొలిచే పరికరం వెనక నిలబడ్డ మనిషి చెయ్యి. ఆరుగురేసి జట్లు వేసినప్పుడు ముప్పయ్యేడు నుంచి నలభై రెండు దాకా ఏడో జట్టు, అలా ఒకే జట్టులో పడ్డారు ఇద్దరూ. నేల ఎత్తుపల్లాలు కొలిచేటప్పుడు పరికరంలోంచి చూసేది ఆమె, పుస్తకంలో రాసేది అతను. చూసినవాళ్ళు అంకెను గట్టిగా అరిచి చెప్పాలి, రాసేవాళ్ళు అదే అంకెను తిరిగి అరవాలి, అప్పుడే రాయాలి, అదీ పద్ధతి, లేకపోతే గాలికి ఒక అంకె ఇంకో అంకెలా వినపడుతుంది. ఒకటి నాలుగు రెండు అయిదు అని మైదానం ఆ చివరిదాకా వినపడేలా ఆవిడ అరిస్తే ఒకటి నాలుగు రెండు అయిదు అని ఇతను సన్నగొంతుతో అందుకునేవాడు, ఎవరు మొగాడో ఎవరు ఆడదో తెలియక దారినపోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. కాపురమూ అలాగే నడిచింది, ఆమె చెప్పడం, ఇతను తిరిగి చెప్పడం. తలుపు గడియ పెట్టు, పెట్టాను. పాపకి జ్వరం మందు ఇచ్చావా, జ్వరం మందు ఇచ్చాను. ఇప్పుడు తిరగబడింది. ఇది దువ్వెన, అంటాడు ఇతను. దువ్వెన, అంటుంది. ఇది నీ కూతురు. నా కూతురు. అంటుంది గానీ ఏ పుస్తకంలోనూ రాసుకోదు.

తన అమ్మ బతికున్న రోజుల్లో ఈమె ఎంత బాగా ఆడించేది తనని! క్లాసులో నాలుగేళ్ళు ఒరేయ్ అని పిలిచిన నోటితో మొగుణ్ణి ఏమని పిలుస్తుంది పాపం, పెళ్ళయిన మూడో రోజున అందరిముందూ "ఒరేయ్, ఆ స్టూలు ఇటు అందుకో" అంది, అతని అమ్మ ఆ స్టూలు మీదే కూలబడింది. మొగుణ్ణి ఒరేయ్ అంటారా తల్లీ, ఇదెక్కడి చోద్యం! అప్పట్నుంచీ అత్తగారు వినేలా ఉంటే "ఏవండీ", లేకపోతే "ఏరా". పక్కగదిలో అమ్మ మసులుతుంటే అంత లావు గొంతునీ తేనెలో ముంచి తీసినట్టు "ఏవండోయ్, ఏవండీ" అని దీర్ఘాలు తీసేది, ఇతనికి నవ్వాగేది కాదు, అమ్మ పోయాక కూడా ఆ ఏవండీ పోలేదు, ఏదో ఒక తుంటరి పని చేయించుకోవాలంటే ఏవండీ అనేది. ఎన్నాళ్ళయింది అది విని. ఏడాది? ఇంకా ఎక్కువే. ఈమధ్య అసలు ఏమనీ పిలవదు, అటు తిరిగి మాట మొదలెడుతుంది అంతే.

మూడేళ్ళ కిందట ఓ మధ్యాహ్నం ఫోను చేసింది, "ఒరేయ్, నేను నాలుగు రోడ్ల కూడలిలో ఉన్నాను, ఇంటికి ఎటు రావాలి" అంది. నవ్వాడు. వేళాకోళమనుకున్నాడు, ఎందుకంటే ఆ కూడలి ఆమె వేసిందే, ఆ నాలుగు రోడ్ల వాలు, మలుపు, మురుగుకాలువ, అన్నీ ఆమె చేతి లెక్కే. అవతల ఊపిరి తీస్తున్న చప్పుడు విన్నాక నవ్వు ఆగిపోయింది. కుడికి తిరుగు, తిరిగాను, గడియారాల దుకాణం కనపడిందా, కనపడింది, దాన్ని దాటు, దాటాను, అలా అంకెలు అరిచినట్టు చెప్పుకుంటూ ఇల్లు చేర్చాడు. డాక్టరు దగ్గరికి వెళితే ఆయన ఇవాళ ఏ వారం, వందలోంచి ఏడు తీసెయ్యి అని మొదలెట్టాడు, ఈవిడ "ముందు మీ గోడ గడియారం సరిచెయ్యండి, ఇరవై నిమిషాలు వెనకుంది" అంది, నిజంగానే వెనకుంది, డాక్టరు నవ్వాడు, తనూ నవ్వాడు, ఆ తర్వాత డాక్టరు నవ్వడం మానేసి కాగితం మీద రాయడం మొదలుపెట్టాడు. తిరిగొచ్చి కారు ఇంటిముందు ఆగాక ఆమె అంది. "ఎవరికన్నా చెప్పుకో, నాకేం ఫర్వాలేదు. మన క్లాసువాళ్ళకి మాత్రం తెలియనివ్వకు. వాళ్ళ దగ్గరన్నా నన్ను నాలాగే ఉండనీ." మాటిచ్చాడు. మాటివ్వడానికేం, చేతిలో చెయ్యేస్తే అయిపోతుంది. మూడేళ్ళపాటు ఏ పెళ్ళికి పిలిచినా ఆవిడకి నడుం నొప్పి, ఏ ఫోనొచ్చినా ఆవిడ స్నానానికి వెళ్ళింది, అంత శుభ్రమైన మనిషి లోకంలో లేదు.

మరి ఇప్పుడెందుకు తీసుకొచ్చావయ్యా అంటే, కూతురూ అదే అడిగింది, మందుల దుకాణంలో పనిచేసే పిల్ల, ఇలాంటివి ఎన్ని చూసిందో, పొద్దునే ఫోనులో "నాన్నా, అవసరమా? అమ్మని అందరిముందూ నిలబెట్టి పరీక్ష పెడతావా" అంది. అవసరమే. ఆరు వారాల కిందట మైకు ఫోను చేశాడు, ముప్పయ్యెనిమిదో నంబరు, మైకు కనపడితే వదలడని ఆ పేరు, ఈ హడావిడంతా వాడిదే. ఫోను బల్లమీద పెట్టి స్పీకరు నొక్కితే వాడు "హలో హలో, వినపడుతోందా" అని బొబ్బలు పెట్టాడు, పక్కన కూర్చుని బఠాణీలు ఒలుస్తున్న ఈమె తలెత్తకుండానే "మైకూ, చెవులు పగిలిపోతున్నాయిరా" అంది. అంతే. కన్నకూతుర్ని ఎవరమ్మా నువ్వని అడిగిన నెలలోనే. ఇతను చేతిలో ఉన్న గిన్నె కింద పెట్టేశాడు. లోపల ఎక్కడో ఆ క్లాసు గది తాళం వేసి భద్రంగా ఉందన్నమాట, ఆ గదిలోకే తీసుకెళితే, ఆ బెంచీలోనే కూర్చోబెడితే, ఆ నంబరుతోనే పిలిస్తే, ఒక్క గంట, ఒక్క పూట. డాక్టరుని అడిగితే అలాంటి ఆశలు పెట్టుకోవద్దండి అన్నాడు. పెట్టుకోవద్దంటే ఆగుతుందా ఆశ, అదేమన్నా అడిగి వస్తుందా! ఆ సాయంత్రం నుంచే వంటింట్లో హాజరు మొదలైంది. తను సారు, బఠాణీలు ఒలుస్తూ ఆవిడ క్లాసు. ముప్పయ్యయిదు, అని తనే అని తనే పలికి, ముప్పయ్యారు, అని తనే పలికి, ముప్పయ్యేడు అనేవాడు. మొదట్లో ఊరుకునేది. నాలుగో వారానికి పదింట తొమ్మిదిసార్లు పలికింది. పలకగానే ఉబ్బితబ్బిబ్బై అక్కడితో ఆపేసేవాడు, ముప్పయ్యేడు దాటి ముందుకి ఎప్పుడూ పోలేదు, పోవాలని తోచనూ లేదు.

తొమ్మిదిన్నరకల్లా గది సంతయిపోయింది. అరవైమంది క్లాసు, ముప్పై తొమ్మిదిమంది వచ్చారట. బట్టతలలు, చెవి మిషన్లు, మోకాళ్ళ పట్టీలు, అందరూ ఒకర్నొకరు భుజాలు పట్టి ఊపేస్తూ, "నేనెవరో చెప్పుకో చూద్దాం!" అవతలివాడు గుడ్లు చికిలించి అట్టముక్క వైపు దొంగచూపు చూసి, "నువ్వు... నలభై అయిదువి కదూ?" "వాడు పోయాడురా సన్నాసీ, నేను యాభయిని." ఇదే వరస గదినిండా. అతను దీన్ని నమ్ముకునే వచ్చాడు, ప్రపంచంలో ఎవరూ ఎవర్నీ గుర్తుపట్టకపోయినా తప్పులేని చోటు ఇదొక్కటే, ఇక్కడ ఆమె మరుపు నలుగురి మరుపులో కలిసిపోతుంది. దానికితోడు ఒక మాట నేర్పించి తెచ్చాడు, ఎవరొచ్చి ఎవరో చెప్పుకోమన్నా "అబ్బ, ఎంత మారిపోయావ్!" అనాలి. అది ఎవరికైనా అతుకుతుంది. ముగ్గురొచ్చారు, ముగ్గురితోనూ అంది, ముగ్గురూ మురిసిపోయారు. తన తెలివికి తనే మెచ్చుకుంటూ ఉండగా పక్కమంచం వచ్చింది, హాస్టల్లో నాలుగేళ్ళు ఈమె పక్కమంచం మీద పడుకున్న పిల్ల, ఇప్పుడు ఎక్కడో పెద్ద స్కూలికి హెడ్‌మిస్ట్రెస్, "జరగవోయ్ పావుగంటా, నాలుగేళ్ళు నావి, నలభై ఏళ్ళు నీకిచ్చాగా" అని ఇతన్ని అవతలికి నెట్టేసి మధ్యలో కూర్చుంది. ఎత్తూ లేదు గిత్తూ లేదు, కోట కూలిపోయింది.

"నేనెవర్నే?"

"అబ్బ, ఎంత మారిపోయావే!"

ఇద్దరూ చేతులు పట్టుకుని నవ్వుకున్నారు. మీ పిల్ల ఎలా ఉందే అంది పక్కమంచం. "స్కూలుకెళ్ళింది" అంది ఈమె, చక్కగా, ఏమాత్రం తడుముకోకుండా. ముప్పై నాలుగేళ్ళ పిల్ల! "అదే, వాళ్ళబ్బాయిని దింపడానికి వెళ్ళింది, వాడికి ఇవాళ స్కూలుంది" అన్నాడు ఇతను మధ్యలోంచి, మనవడి వయసు ఏడాదిన్నర. "శనివారం కూడానా?" అంది పక్కమంచం. "వాడి స్కూలు అంతే" అన్నాడు. పక్కమంచం ఇతనివైపు చూసింది, ఒక చూపు చూసి ఊరుకుంటే సరిపోయేదానికి రెండు చూపులు చూసింది, ముప్పయ్యేళ్ళు పిల్లల అబద్ధాలు విన్న కళ్ళు అవి. ఆమె మాత్రం పక్కమంచం భుజం మీంచి గుమ్మం వైపే చూస్తోంది. "వాడింకా రాలేదే" అంది. "ఎవరే?" అని పక్కమంచం అడిగేలోపు గదంతా లేచి నిలబడింది, సారు వచ్చారు, ఈ ప్రపంచంలో సమయానికి వచ్చే మనిషి ఆయనొక్కరే, ఆయన రాకని అంతలా ప్రేమించడం ఇతని జన్మలో ఇదే. పక్కమంచం లేచి తన ముందుబెంచీలోకి వెళ్ళిపోయింది.

కర్ర ఆనించి, కుర్చీలో సర్దుకుని, పట్టీ తెరిచారు సారు. ఎంత చిన్నగా అయిపోయారు! తల మాత్రం అలాగే పుస్తకంలో దూర్చారు. మైకు మైకు పట్టుకున్నాడు మరి, పట్టుకుని ఒక నియమం చెప్పాడు, రానివాళ్ళ సంగతి తను చెబుతాడట, పోయినవాళ్ళ నంబరొస్తే మాత్రం అందరం కలిసి ప్రెజెంట్ సార్ అనాలట, మన క్లాసులో ఎవరూ ఆబ్సెంటు లేరు అన్నాడు. ఒకటి. ప్రెజెంట్ సార్. రెండు. నాలుగో నంబరు దగ్గర మొదటిసారి చప్పుడు లేదు, ఆ తర్వాత గదంతా ఒక్క గొంతై ప్రెజెంట్ సార్ అంది. ఇతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు, బెంచీ కింద, ఎవరికీ కనపడకుండా. పన్నెండు. పదమూడు. చెవిలో చెప్పాడు, నీ నంబరు ముప్పయ్యేడు. ముప్పయ్యేడు, అంది. ఇరవై. సారు గొంతు మధ్యలో ఆగుతోంది, నీళ్ళు తాగుతున్నారు, తాగండి సార్, తాగండి, రోజంతా తాగండి, ఇంకా తొందరేముంది. ఇరవై తొమ్మిది, గదంతా. ముప్పై నాలుగు. ఏ దేవుణ్ణి తలుచుకోవాలో తోచక ఏడూ నలభై బస్సు డ్రైవర్ని తలుచుకున్నాడు. ముప్పయ్యయిదు. ముప్పయ్యారు.

"ముప్పయ్యేడు."

అను. అనవే. చేతిని నొక్కాడు. ఆమె చెయ్యి ఉలకలేదు, పలకలేదు, మనిషి మొత్తం గుమ్మం వైపు తిరిగి ఉంది. ఫ్యాను చప్పుడు వినపడుతోంది. తను అనెయ్యాలి. నాలుగేళ్ళు ఆమె అంది తనకోసం, ఒక్కసారి, బతుకులో ఒక్కసారి తను అనలేడా, తప్పేముంది, నవ్వులాటలా ఉంటుంది, నోరు తెరిచాడు, గాలి వచ్చింది, మాట రాలేదు. ఆ నిశ్శబ్దం నాలుగో నంబరు నిశ్శబ్దంలాగే ఉంది, ఇరవై తొమ్మిది దగ్గర ఉన్నట్టే ఉంది. వెనక వరసలో ఎవరో ఇద్దరు ముగ్గురు, చెవులు సరిగా వినపడని ముసలి వెధవలు, పోయినవాళ్ళ నంబరనుకుని మొదలెట్టేశారు. "ప్రెజెంట్ సా..." గది సగం అందుకుంది కూడా. "ఛ! ఆపండి, తను ఉంది, అదిగో ఉంది" అని పక్కమంచం లేచి అరిచింది. అందరి తలలూ ఇటు తిరిగాయి. సారు తలెత్తారు, నాలుగేళ్ళలో ఎన్నడూ ఎత్తని తల, కళ్ళజోడు పైనుంచి చూశారు, ఆమె ఆయన్ని చూసి మర్యాదగా నవ్వింది, బ్యాంకులో పక్క వరసలో నిలబడ్డవాళ్ళని చూసి నవ్వినట్టు. సారు కాసేపు చూశారు. కలం తీసి చుక్క పెట్టారు. ఆ చుక్క పెట్టడం ఇంతదూరంలోంచీ కనపడింది అతనికి. నీకిచ్చిన మాట పోయింది, ఇంక అయిపోయింది, నా చేతుల్లో ఏమీ లేదు, నేనే తీసుకొచ్చి నిలబెట్టాను, పిల్ల చెప్పింది, పిల్ల చెబుతూనే ఉంది.

ముప్పయ్యెనిమిది అన్నారు, మైకు మైకులో పలికాడు, ఎప్పుడూ ఉండే ఊపు లేదు. ముప్పై తొమ్మిది, ఏడో జట్టులో కొలబద్ద పట్టుకుని నిలబడే నిద్రపోయేవాడు, పోయి ఆరేళ్ళు, గదంతా పలికింది, తనూ పెదవులు కదిపాడు. పక్కమంచం ఇంకా వెనక్కి తిరిగే ఉంది. నలభై.

"నలభై ఒకటి."

తనదే. పలకాలి, కనీసం తనదన్నా తను పలకాలి, గొంతు సవరించుకున్నాడు. ఈలోపల పక్కన బెంచీ కిర్రుమంది. ఆమె ఒంగి, ముందున్నవాడి వీపు వెనక తల దాచుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆ మగగొంతుతో, కొంచెం జలుబు చేసినట్టుగా, ఖంగుమని,

"ప్రెజెంట్ సార్!" అంది.

ఒక్క క్షణం ఎవరికీ అర్థంకాలేదు. తర్వాత గది పేలిపోయింది. బెంచీలు చరిచారు, ఈలలు వేశారు, షుగరు మనిషీ గుండె ఆపరేషను మనిషీ అని లేదు, పొట్టలు పట్టుకుని నవ్వారు. "చూశార్రా, తన నంబరుకి నోరెత్తకుండా కూర్చుని మొగుడి నంబరుకి పలికింది! బొంగరమా మజాకా!" అని మైకు గంతులేశాడు. సారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. "నాకప్పుడే తెలుసమ్మా" అన్నారు నవ్వుతూ దగ్గుతూ, "నాలుగేళ్ళపాటు జలుబు తగ్గని కుర్రాడు ఎవడుంటాడు? తెలిసే టిక్కు పెట్టేవాణ్ణి. ఎలాగూ పావుగంటలో వచ్చేవాడుగా." ముప్పయ్యేడు దగ్గరి చుక్కకి తోక గీశారు, నలభై ఒకటికీ టిక్కు పెట్టారు. పక్కమంచం వెనక్కి వంగి ఆమె చెయ్యి మీద ఒకటిచ్చింది, "చంపేశావే, నిజంగా హడలిపోయాను" అంది, ఆ కళ్ళలో ఇందాకటి అనుమానం లేదు, నవ్వితే వచ్చిన నీళ్ళు తప్ప. వెనకనుంచి ఎవరెవరో అతని వీపు చరిచారు, అదృష్టవంతుడివిరా అన్నారు. అతనూ నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు, మాట దక్కింది, ఎవరికీ తెలియలేదు, ఆమె వాళ్ళకి ఆమెలాగే ఉంది. ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి, కళ్ళు మెరుస్తున్నాయి, పట్టుబడకుండా పని కానిచ్చుకున్న పిల్లలా ఉంది, ఎన్నాళ్ళయింది ఈ మొహం చూసి.

"ఏవండీ" అంది, అతని చెవి దగ్గరికి వంగి.

ఏవండీ! ఆ గొంతుతోనే, తేనెలో ముంచి తీసినట్టే. వచ్చేసింది, గది తలుపు తెరుచుకుంది, అమ్మ పక్కగదిలో ఉంది, స్టూలు మీద కూలబడింది, ఏదో తుంటరి పని చెబుతుందిప్పుడు. గిరుక్కున తిరిగి మొహంలో మొహం పెట్టి చూశాడు.

ఆమె గుమ్మం వైపు ఒకసారి చూసుకుని, గొంతు తగ్గించి, "సారుకి చెప్పకండేం" అంది. "వాడు వచ్చేస్తాడు. ఈపాటికి బస్సు దిగే ఉంటాడు." పక్కన కూర్చున్న పెద్దమనిషిని ఆ మాత్రం పలకరించకపోతే బాగుండదనిపించిందేమో, కాస్త జరిగి కూర్చుని, "మీ నంబరు పిలిచారా?" అని అడిగింది.

నవ్వులు ఇంకా పూర్తిగా తగ్గలేదు. సారు నలభై రెండు అన్నారు, ఎవరో పలికారు.

"ఇంకా పిలవలేదండి" అన్నాడు పావుగంట.